గోడ తాగిన నీళ్లు

సిమెంటు గోడకు కట్టినంత మాత్రాన బలం రాదు. కట్టాక వారాల తరబడి తడిపి ఉంచాలి. ఇప్పటి మేస్త్రీలు ట్యాంకరుకు కబురు పెట్టి బీడీ ముట్టించుకుంటారు. మా కాలంలో గోడకు నీళ్లు పెట్టడం ఎంత తంటానో చెబితే నా కొడుకులే నవ్వుతారు. నవ్వనీ.

అది ఎనభయ్యో సంవత్సరం ఎండాకాలం. తనకల్లు అవతల ఒక పల్లెలో నీళ్లు శుద్ధి చేసే తొట్టి కడుతున్నాం. ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్లకు గార పట్టడం, పెద్దవాళ్ల నడుములు వంగిపోవడం అన్నీ ఆ నీళ్ల పుణ్యమే. పటిక, సున్నం వేసి కలిపితే ఆ పాడంతా అడుగుకు దిగుతుందని, పైన తేరిన నీళ్లు తాగొచ్చని ఇంజనీరు రామకృష్ణయ్య చెప్పాడు.

“మారెప్పా, ఇది గానీ కారిందంటే ఈ ఊరికి ఇంకొకటి కట్టియ్యరు. చూసుకో,” అని జీపెక్కి పోయాడు.

ఎదఎత్తు గోడ, గుండ్రంగా, ముచ్చటగా వచ్చింది. గోనెసంచులు కప్పి తడపడం మొదలుపెట్టాం. అంతలోనే కాంట్రాక్టరు ఎద్దులబండి మీద డ్రముల్లో పంపే నీళ్లు ఆగిపోయాయి. ఆ బావి అడుగంటిందట. ఊళ్లో మిగిలింది ఒక్క చేతిబోరు, దాని ముందు పొద్దస్తమానం బిందెల వరుస. నా గోడేమో ఎండకు తెల్లబారిపోతోంది. బీట వారితే అంతా బూడిదలో పోసిన పన్నీరే. సిగ్గు విడిచి బక్కెట్టు పట్టుకుని నేనూ వరుసలో నిలబడ్డాను.

నా ముందు హనుమంతమ్మ అని ఒక ముసలామె ఉంది. నడుము పూర్తిగా వంగిపోయి, ఎదుటి మనిషిని చూడాలంటే తల పక్కకు తిప్పేది. నన్ను చూసి బక్కెట్టు లాగేసింది.

“ఏమప్పా, తాగను నీళ్లు లేక మేము సస్తాంటే గోడకు పోస్తావా? దానికేమన్నా దప్పికైతాండాదా?”

నా నోరు ముందే మంచిది కాదు.

“అయితాండాదవ్వా. అది ఇప్పుడు తాగకపోతే రేపు నీ మనమరాలు తాగేది ఈ బోరు నీళ్లే. దానికీ నీ నడుమే వస్తాది,” అన్నాను.

ఆమె బక్కెట్టు కింద పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. నేనూ ఖాళీ బక్కెట్టుతోనే సైటుకు తిరిగొచ్చాను.

మర్నాడు పొద్దున్నే హనుమంతమ్మ సైటుకు వచ్చింది. చంకలో ఇంకా నడక రాని మనమరాలు కదిరమ్మ. వెనక కోడలు, నెత్తిన బిందె. కోడలు పిల్లను గోడ మీద కూర్చోబెట్టి పట్టుకుంటే, హనుమంతమ్మ గోడ పక్కన వేసిన చెక్క పలక ఎక్కి, దాని నెత్తిన చెంబెడు నీళ్లు గుమ్మరించింది. నీళ్లు పిల్ల ఒంటి మీదుగా గోనెసంచుల్లోకి దిగాయి.

“యాడ పోసుకున్నా ఈ నీళ్లు నేలపాలే కదప్పా. ఈడ పోసుకుంటే నీ గోడా తాగుతాది.”

“సబ్బు మాత్రం రుద్దొద్దవ్వా, సిమెంటుకు పడదు,” అన్నాను.

“సబ్బు మాకు యాడిదప్పా,” అని నవ్వింది.

ఆ రోజు నుంచి ఊరి పిల్లల స్నానాలన్నీ నా గోడ మీదే. మొగవాళ్లు కూడా వచ్చి గోడనానుకుని ఉన్న ఆ పలక మీద కూర్చుని, గోడ తడిసేలా పోసుకున్నారు. ఒక పెళ్లికొడుక్కి నలుగు పెట్టి అక్కడే తలంటి పోశారు. గోడంతా పసుపు చేశారని నేను కేకలేస్తే, అతని మేనత్త నా మొహానికీ ఇంత పూసి పోయింది. ఎన్ని సైట్లు చూశానో, అంత సంతోషంగా ఎక్కడా పని చేయలేదు. ఆ పసుపు వాసన తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

తొట్టి నింపిన రోజు గోడ చుట్టూ చేత్తో తడుముతూ తిరిగాను. ఎక్కడా చెమ్మ లేదు. శుద్ధి చేసిన నీళ్లు మొదట హనుమంతమ్మకే ఇచ్చారు. “సప్పగా ఉండాయి,” అని ఇంకో గ్లాసు అడిగింది.

మళ్లీ తొమ్మిదేళ్లకు కదిరికి పోతూ, చూడాలనిపించి ఆ ఊళ్లో బస్సు దిగాను. తొట్టి ఎండిపోయి ఉంది. తొట్టిలోకి నీళ్లు తోడే మోటారు కాలిపోతే రిపేరుకు తీసుకుపోయారట, తిరిగి రాలేదు. పటిక రావడమూ ఆగిపోయింది. ఊరు మళ్లీ బోరు నీళ్లే తాగుతోంది. గోడకు మాత్రం వెంట్రుకంత బీట లేదు.

దాని నీడలో హనుమంతమ్మ కూర్చుని ఉంది. తల పక్కకు తిప్పి నన్ను పోల్చుకుంది. పక్కన కదిరమ్మ, తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడింది.

“మేస్త్రీకి నీ పండ్లు సూపియ్యే,” అంది అవ్వ.

పిల్ల సిగ్గుపడింది. తర్వాత నవ్వింది. తెల్లటి పళ్లు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పోయినేడు దాకా ఈ తొట్టి నీళ్లే తాగినాది. అందుకే గార లేదు,” అని అవ్వ మనమడి గడ్డం పట్టుకుంది. వాడు బోసినోటితో నవ్వాడు. “వీనికింకా పండ్లు రాలేదు మేస్త్రీ. వచ్చేలోపల నీళ్లు ఇడిపియ్యి.”

నేను గోడలు కట్టేవాణ్ణి. మోటారూ పటికా నా చేతిలో లేవు.

“నేను చిన్నప్పుడు ఈడే కూచ్చోని నీళ్లు పోసుకుంటినంట,” అంటూ కదిరమ్మ తమ్ముణ్ణి గోడ మీద పెట్టింది. ఎండకు గోడ కాలుతోంది. వాడు కెవ్వుమన్నాడు. నేను వాణ్ణి ఎత్తుకుని, భుజం మీది తువ్వాలు మడిచి గోడ మీద పరిచి, దాని మీద కూర్చోబెట్టాను.