మా చెరువు చేప

"వదినగారూ, చేప బాగుచేయడం అయ్యాక చేతులు కడుక్కుని ఇక్కడొక సంతకం పెట్టండి," అన్నాడు మా మరిది అచ్చిబాబు, వంటింటి గుమ్మంలో నిలబడి.

ముప్పై నాలుగేళ్ళు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి, శాఖాధిపతిగా పదవీ విరమణ చేసిన నా సంతకానికి ఈ ఇంట్లో విలువ ఏర్పడిన మొదటి రోజు ఇది. "కాలేజీలో ఏం కలిపినా ఫరవాలేదు, పులుసులో ఉప్పు సరిగ్గా కలిపితే చాలు" అనేవారు మా అత్తగారు. ఆ మాటను నా భర్త సత్యప్రసాద్ గారు వచ్చిన ప్రతి బంధువు ముందూ సొంత హాస్యంలా వల్లించేవారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రెండు పూటలకు వండిపెట్టి నేను బస్సెక్కితే, దానికి వారు పెట్టిన పేరు కాలక్షేపం.

అచ్చిబాబు కాగితం ముందే టైపు చేయించి తెచ్చాడు. కాలువ నీటిని పరీక్షించాననీ, అది త్రాగడానికి యోగ్యమేననీ నేను పంచాయతీకి ధ్రువీకరిస్తున్నానట.

జరిగినది ఊరంతా ఎరిగినదే. వేసవికి కాలువలు కట్టివేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటాము. సరిగ్గా ఆ వారంలోనే ఈ మహానుభావుడు తన చేపల చెరువుల్లో ఒకదానిలో పట్టుబడి చేసి, చేపలన్నీ లారీలకెక్కించి, అడుగున మిగిలిన కుళ్ళు నీటిని మురుగు కాలువ దాకా పంపడానికి బద్ధకించి, పంట కాలువలోకి తోడించాడు. మర్నాటికి కొరమీనులు, జెల్లలు, పరిగెలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. మాకు కాలువ చేపలు తెచ్చి అమ్మే దీవెన ఖాళీ బేసినుతో వచ్చింది.

"మీరు టిన్ను నీళ్ళు కొనుక్కుని తాగుతారు కదండి మేడంగారు. మాకు వేసవంతా ఆ చెరువేనండి," అన్నది. ఆ గొంతులో నింద లేదు. అందుకే నాకు సిగ్గు కలిగింది.

నా పాత శిష్యురాలి చేత రసాయనాలు తెప్పించి, మంచినీళ్ళ చెరువు తూము దగ్గర పట్టిన నీటిని వంటగట్టు మీదనే పరీక్షించాను. ప్రాణవాయువు ఉంటే గోధుమ రంగు తిరగవలసిన ద్రావణం గంజిలా తెల్లగా ఉండిపోయింది. అంటే ఆ కుళ్ళు మంచినీళ్ళ చెరువు దాకా చేరింది. ఆ సీసా చూపితే నా భర్త పత్రిక దించకుండానే, "ఇంటి పరువోయ్ ఇది. నీ పాఠాలకి ఇది టైము కాదు," అన్నారు.

చేపల చెరువులున్న మా ఇంట్లో ఒక ఆచారం ఉన్నది. మా చెరువు చేపను మేము వండము. ఏయే మందులు చల్లారో చల్లినవారికి తెలుసు కనుక, అది లారీలెక్కి ఊళ్ళు దాటిపోతుంది. మా పులుసులోకి మాత్రం కాలువ చేపే రావాలి. ఇన్నేళ్ళూ ఆ పులుసు నేనే పెట్టాను, ఎందుకని అడగకుండా.

"భోజనాలయ్యాక చూద్దాం," అన్నాను అచ్చిబాబుతో.

అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. వడ్డించాను. అచ్చిబాబు పులుసు వాసనకు తల ఊపి, ముక్క తుంచాడు.

"శీలావతి చేప! గోదారిదాండి వదినగారూ?"

"నీదే, ఆ రెండో చెరువుది. దీవెన చేత పొద్దున్న తెప్పించాను."

చేయి నోటి దాకా వెళ్ళి ఆగింది. "మొన్ననే మందు కొట్టామండి దానికి..." అని నసిగాడు. నా భర్త ముక్కను కంచం అంచుకు నెట్టి పెరుగు అడిగారు. మా కాపురంలో వారు నా మాటను రుజువు అడగకుండా నమ్మినది ఆ ఒక్కసారే.

పెరుగు గిన్నె వారి ముందుంచి చేతులు కడుక్కున్నాను. టైపు చేసిన కాగితాన్ని వెనుకకు త్రిప్పి, పరీక్షా ఫలితం నా చేతివ్రాతతో వ్రాశాను. దాని క్రింద మరొక పరిశీలన చేర్చాను: "చేపల చెరువుల యజమానియు, ఆయన అన్నగారును, తమ చెరువు చేపను నా సమక్షంలో తినుటకు నిరాకరించిరి."

ఆ క్రింద పేరు, పూర్తి హోదా, సంతకం. ఎంగిలి కంచాలను బల్ల మీదనే వదిలి పంచాయతీ కార్యాలయానికి బయలుదేరాను.