రెండు గాట్లు ముందుకు

ముప్పై నాలుగేళ్ళ వ్యాపారంలో బొత్తాల బాబాయి ఒక్క సూత్రం మాత్రం తప్పలేదు. అలమరాలో కూర్చున్న సరుకు తిండి పెట్టదు. పెట్టెలో మగ్గిన బొత్తాలకు రంగు వెలుస్తుంది, ఫ్యాషన్ మారుతుంది, చివరికి తూకానికి పోతాయి. అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట పసుపురంగు స్పోర్ట్స్ కారు కొని, షెడ్డులో పెట్టి, దుప్పటి కప్పి, పదకొండు రోజుల్లో నలభై రెండు కిలోమీటర్లు మాత్రమే తిప్పాడంటే లోకం నవ్వదా? నవ్వింది. అందరికంటే ఎక్కువ బావమరిది నవ్వాడు.

బాబాయి బాధ ఆ నవ్వు గురించి కాదు. ఆ కారుకు ఉన్నవి రెండే సీట్లు. దుకాణం కూతురికి అప్పజెప్పాడు కాబట్టి, ఇకనైనా ఆలుమగలిద్దరూ నాలుగు ఊళ్ళు తిరగాలన్న లెక్కతో కొన్న బండి అది. పిన్ని మాత్రం అందులో కాలు పెట్టలేదు.

"నేల మీద చతికిలబడ్డట్టు ఉంటుంది. నా మోకాళ్ళు ఒప్పుకోవు. మీరు వెళ్ళి రండి," అంది మొదటి రోజు. రెండోసారి అడిగితే, "చెప్పాగా," అంది. మూడోసారి ఆయన అడగలేదు. బేరం ఏ మాట దగ్గర తెగిందో తెలియనంత పసివాడు కాదు. కానీ రెండు సీట్ల బండిలో ఒక సీటు ఖాళీగా ఉంటే సగానికి సగం నష్టం. అందులోనూ ఆ సగం కోసమే కొన్న బండి.

పన్నెండో రోజు పొద్దున్నే బావమరిది ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. దాని నిండా కారుకు చేయించాల్సిన హంగులు.

"బావా, ఇలా షెడ్డులో పడేస్తే అక్క ఎందుకు ఎక్కుతుంది? బండికి కాస్త కళ రావాలి. పద, డాక్టరమ్మ దగ్గరికి."

డాక్టరమ్మ అసలు డాక్టరు కాదు. కొత్త కార్ల రంగు చెడకుండా పైన అద్దంలాంటి పల్చని ఫిల్ము అంటించే పని ఆమెది. ఆమె వర్క్‌షాపు ఆపరేషన్ గదిలా ఉంటుంది. దుమ్ము లేవకుండా నేలను తడిపి ఉంచుతారు, తలుపులు మూసే ఉంటాయి, పైకప్పు నిండా దీపాలు. చెప్పులు బయటే విడవాలి. ఆమె చేతులకు ఎప్పుడూ నీలం తొడుగులు. వయసు ముప్పై దాటి ఉండదు గానీ, పాతికేళ్ళ అనుభవమున్న మెకానిక్కులు కూడా ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడతారు.

బావమరిది కాగితం విప్పాడు. "ముందు సైలెన్సరు మార్చాలి. మా బావ వస్తున్నాడంటే వీధి చివరిదాకా తెలియాలి. తర్వాత బండిని రెండంగుళాలు కిందికి దించాలి. వెనక రెక్క పెట్టాలి. చివర్న నీ ఫిల్ము."

"రెక్క ఎందుకన్నయ్యా, ఎగరడానికా?" అంది డాక్టరమ్మ. "ఇప్పుడే కడుపు నేలకి ఆనించుకుని ఉంది. ఇంకా దించితే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే మూతి పగులుతుంది. అప్పుడు నా దగ్గరికి కాదు, రంగులేసేవాళ్ళ దగ్గరికి పోవాలి."

"మరి ఏం మార్చమంటావమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"ముందు బ్రేకు ప్యాడ్లు, ఆ తర్వాత మంచి టైర్లు. ఈ సంవత్సరానికి అవి చాలు బాబాయ్. ముందు బండికి ఆగడం రావాలి. పరుగు దానికెలాగూ వచ్చు."

బాబాయికి ఆ మాట నచ్చింది. కొనొద్దని చెప్పే దుకాణదారు దొరికితే, ఆ దుకాణంలో కళ్ళు మూసుకుని కొనొచ్చు. ఆ ధైర్యంతో కడుపులో ఉన్న ఇంకో ఫిర్యాదు కూడా బయటపెట్టాడు.

"ఇంకొకటమ్మా. ఈ స్టీరింగు వైపు సీటు జారుతోంది. నేను కాళ్ళు చాపుకునేలా వెనక్కి జరిపి దిగుతాను. మర్నాడు చూస్తే రెండు గాట్లు ముందుకు వచ్చి ఉంటుంది. కొత్త బండికి ఇదేం రోగం?"

డాక్టరమ్మ సీటును గట్టిగా గుంజింది, మోకాలితో తోసింది. అది కదల్లేదు. "దీనికే రోగమూ లేదు బాబాయ్. గాటులో పడ్డాక రాయిలా ఉంది," అని చెప్పి, చేతిదీపం వెలిగించి కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఫిల్ము అంటించబోయే ముందు ప్రతి అంగుళమూ చూడటం ఆమె పద్ధతి. వెంట్రుకైనా గీతైనా ఒకసారి లోపల చిక్కిందంటే, ఆ ఫిల్ము ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంటుంది.

బానెట్టు దగ్గర ఆగింది. ఆ వెలుగులో పసుపురంగు మీద సాలెగూడులాంటి సన్నని గీతలు వందల కొద్దీ కనిపించాయి.

"ఏంటివి?" బాబాయి బానెట్టు మీదికి వంగాడు. "మా ఇంట్లో పిల్లి కూడా దీన్ని ముట్టుకోదే!"

"మీరే ముట్టుకున్నారు. దుప్పటి కప్పుతున్నారా?"

"రోజూ. రెండు పూటలా దులిపి మరీ కప్పుతాను."

"అదీ సంగతి. దుప్పటి కింద చేరిన ఇసుకరేణువులు మీరు లాగినప్పుడల్లా గీకుతాయి. రోడ్డు మీద తిప్పినా ఇన్ని పడేవి కావు బాబాయ్. దాచిపెట్టి మరీ గీకారు."

బావమరిది పక్కకు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "నవ్వురా, నవ్వు," అన్నాడు బాబాయి. "ఈ పూట నీదే."

డాక్టరమ్మ దీపంతో తలుపుల దగ్గరికి వచ్చింది. పట్టుకునే పిడి వెనక చిన్న గుంట ఉంటుంది, వేళ్ళు దూర్చి తలుపు తీస్తామే, అక్కడ. పక్క సీటు వైపు ఆ గుంట అద్దంలా ఉంది. స్టీరింగు వైపు గుంటలో మాత్రం నెలవంకల్లాంటి గోటి గీతలు, వాటి కింద కాస్త లోతుగా ఇంకో గీత.

"ఇది ఉంగరం గీత," అంది. "మీ చేతులు చూపించండి."

బాబాయి చేతులు చాచాడు. వేళ్ళకు ఉంగరాల్లేవు. బొత్తాలు లెక్కపెట్టేటప్పుడు అడ్డమని ఏనాడో తీసేశాడు. ఇక గోళ్ళా, చిన్నప్పటినుంచీ కొరుక్కునే అలవాటు. ఆ వేళ్ళతో వెన్న మీద కూడా గీత పడదు.

"ఎవడో దొంగ, బావా!" అన్నాడు బావమరిది.

"తాళమేసిన షెడ్డులోకి దూరి, తాళమేసిన కారు తెరిచి, సీటు రెండు గాట్లు ముందుకు జరుపుకుని, కాసేపు కూర్చుని, ఏమీ పట్టుకుపోకుండా తలుపేసి వెళ్ళే దొంగను నువ్వెక్కడైనా చూశావురా?"

ఆ మాట పూర్తయ్యేలోపే జవాబు ఆయనకే తట్టింది. షెడ్డుదీ, కారుదీ రెండో తాళంచెవులు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం పిన్ని దగ్గర ఉంది. పిన్ని ఆయనకంటే జానెడు పొట్టి.

పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన కాలు విరిగి మంచమెక్కినప్పుడు, బొత్తాల పెట్టెలు వేసే డొక్కు వ్యాను ఎవరు నడిపారు? పిన్నే. ఆరునెలలు, ఎండనకా వాననకా, ఒక్క దర్జీకీ సరుకు ఆలస్యం కాలేదు. కట్టు విప్పిన మర్నాడు ఆయన చెయ్యి చాచాడు, ఆవిడ తాళంచెవి ఇచ్చేసింది. అంతే. అప్పట్నుంచి పక్క సీట్లో, ఒళ్ళో పెట్టెలు పెట్టుకుని కూర్చుంది. నువ్వు నడుపుతావా అని ఆయన ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. తన మనసులో ఉన్న మాట ఆవిడ ఎత్తనూ లేదు. సగం బండి ఖాళీ అని ఏడుస్తున్నాడు గానీ, ఏ సగమో తప్పు లెక్క వేశాడు.

"ఈ గీతలు కూడా తీసెయ్యనా బాబాయ్? పాలిష్ పెడితే రెండు నిమిషాలు."

"తీసెయ్. రేపట్నుంచి ఎలాగూ మళ్ళీ పడతాయి. అక్కడ రెండు పొరలు వెయ్యి."

"రెండు పొరలు వెయ్యరు."

"అయితే ఒక్కటే, నీ దగ్గరున్న వాటిలో మందమైనది వెయ్యి. బ్రేకులు, టైర్లు నువ్వు చెప్పినట్టే." బావమరిది చేతిలో కాగితం తీసుకుని మడిచి వాడి జేబులోనే పెట్టాడు. "రెక్క నువ్వు పెట్టుకోరా."

నాలుగో రోజు బండి సిద్ధమైంది. బాబాయి పిన్నిని వెంటపెట్టుకుని వచ్చాడు. "పని సరిగ్గా చేసిందో లేదో చూడు. నీ కంటికి ఆనినంత నాకు ఆనదు," అని చెప్పి తీసుకొచ్చాడు. దీపాల కింద కారు అప్పుడే కడిగిన నిమ్మపండులా ఉంది. పిన్ని దాని చుట్టూ ఒకసారి తిరిగింది. స్టీరింగు వైపు తలుపు దగ్గర అర క్షణం ఆగి, ముందుకు నడిచింది.

"వారంపాటు కడగొద్దు," అంది డాక్టరమ్మ. "ఫిల్ము మీద చిన్న గీతలు పడితే భయపడకండి, ఎండకి అవే మానిపోతాయి. దుప్పటి మాత్రం ఇంట్లో మంచం మీద వేసుకోండి."

బాబాయి తాళంచెవిని బానెట్టు మీద పెట్టాడు. పక్క సీటు తలుపు తీసి, "అమ్మా, అబ్బా" అంటూ ఒక్కో కాలూ లోపల పెట్టి కూర్చున్నాడు.

పిన్ని వంగి కిటికీలోంచి చూసింది. "అదేంటి, అటు కూర్చున్నారు?"

"ఆ వైపు నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు."

పిన్ని ఆయన ముఖం చూసింది. తర్వాత డాక్టరమ్మ ముఖం చూసింది. డాక్టరమ్మ చాలా శ్రద్ధగా తొడుగులు విప్పుకుంటోంది.

"ఎవరు చెప్పారు?"

"నీ ఉంగరం."

ఆవిడ బానెట్టు మీంచి తాళంచెవి తీసుకుంది. స్టీరింగు వైపు ఎక్కి, చూడకుండానే సీటు కిందికి చెయ్యి పోనిచ్చి మీట లాగింది. టక్, టక్. సరిగ్గా రెండు గాట్లు. అద్దం తన ఎత్తుకు దించుకుంది. ఇంజను గుర్రుమనగానే, ఇరవై రెండేళ్ళుగా ఆయన చూడని నవ్వొకటి ఆవిడ పెదవి చివర కనిపించి దాక్కుంది.

వాలు దిగి కారు రోడ్డెక్కింది. ముందు వెళ్తున్న లారీ చక్రం కింద నుంచి ఒక రాయి ఎగిరి బానెట్టు మీద టంగుమంది. బాబాయి ఉలిక్కిపడి సీటు అంచు పట్టుకున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. పోనివ్వు."

"మరి ఖాళీగా ఎందుకు కూర్చున్నారు?" అంటూ ఆవిడ తన చేతిసంచి తీసి ఆయన ఒళ్ళో పడేసింది. "ఇది పట్టుకోండి. జాగ్రత్త, మలుపులున్నాయి."