తూదా వెన్నజాడీ

అల్లాల్ ఉన్నచోట అల్లరి ఉంటుంది, అల్లరి ఉన్నచోట ఏడుపు ఉండదు అని ఆ లోయలో అందరూ అంటారు. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం సంగతి అతని పెళ్లాం యామ్నాని అడగాలి. ఆవిడ చెప్పదు.

ఆ సాయంత్రం వాగు అవతల వ్యాన్ హారన్ మోగేసరికి అల్లాల్ వాకిట్లో యాపిల్ బుట్టలు బోర్లిస్తున్నాడు. కోతలు అయిపోయాయి. చెట్లు బోసిపోయాయి, బుట్టలు బోర్లాపడ్డాయి, అట్లాస్ కొండల నెత్తిన తొలిమంచు పౌడరు అద్దుకున్నట్టుంది. వ్యాన్ మొహాది. పట్నం హోటళ్లలో తిని తిని మొహం మొత్తినవాళ్లని మొహా వారం వారం మోసుకొస్తాడు. కొండవాళ్ల ఇంట్లో, కొండవాళ్ల తివాచీ మీద కూచుని, కొండవాళ్లు తినేదే ఓ పూట తినిపోవడం వాళ్లకి ముచ్చట. యామ్నా వంటలు వడ్డిస్తుంది, అల్లాల్ వంకరమాటలు వడ్డిస్తాడు. ఇంతవరకూ ఏ అతిథీ ఆకలితో వెళ్లలేదు, ఏ అతిథీ నోరు మూసుకుని వెళ్లలేదు.

"ఏం అల్లుడూ! ఈసారి ఎన్ని జతల బూట్లు దింపావు?"

"ఒక్క జంటే మామా. ఫ్రాన్స్ వాళ్లు. పెద్దవాళ్లు."

"బతికాం. కుర్రకుంకలైతే ఫోటోలు తీసుకుని తిండి వదిలేస్తారు. ముసలాళ్లు తిండి తిని ఫోటోలు వదిలేస్తారు."

అల్లుడూ అన్నాడు గాని మొహా అల్లుడు కాడు. కావలసినవాడు. ఆ మాటకున్న రెండర్థాల్లోనూ కావలసినవాడే. అల్లాల్ కూతురు తూదాని అతనికిస్తామని నిరుడు మాటిచ్చారు. మళ్లీ యాపిల్ కోతలయ్యాక పెళ్లి అనుకున్నారు. ఆ మధ్యలో చలికాలం అడ్డొచ్చింది. దారంతా మంచు మూసేసిన రోజుల్లో తూదాకి కడుపులో నొప్పి మొదలైంది. మొహా ఆ పిల్లని కంచరగాడిద మీద కూచోబెట్టి, వెనక తను కూచుని పట్టుకుని, కొండ కనుమ దాటిస్తే అవతల ఆసుపత్రి ఉందని బయల్దేరాడు. కనుమ దాకా తూదా ఆగలేదు.

కొట్టు గదిలో నేల కింద ఒక జాడీ ఉంది. తూదా పుట్టిన రోజున యామ్నా ఉప్పూ, కొండ ఆకూ కలిపి వెన్న దట్టించి, మూతికి మైనం పూసి పాతిపెట్టిన జాడీ. ఆ కొండల్లో ఆడపిల్ల పుడితే అంతే. పైన పిల్ల ఎదుగుతుంటుంది, కింద వెన్న ముదురుతుంటుంది. పెళ్లినాడు జాడీ తీసి, ఆవిరిమీద ఉడికించిన గోధుమరవ్వ కుస్కుస్‌లో కలిపి ఊరందరికీ పెడతారు. ఏళ్ల తరబడి ముదిరిన వెన్న కదా, వాసన తడిసిన ముసలి మేకలా ఉంటుంది. లోయలో పెద్దలకి అది పరిమళం. తూదాకి మాత్రం ఆ వాసన గిట్టేది కాదు. ఎవరి పెళ్లికి వెళ్లినా ముక్కు మూసుకునేది. "అమ్మా, నా పెళ్లిలో ఆ మేకని అందరిమీదా తోలుకో. నాకు మాత్రం వెన్న కలపకముందే ఓ పళ్లెంలో తీసిపెట్టు, లేదంటే పీటలమీంచి లేచిపోతా" అనేది. అల్లాల్ పగలబడి నవ్వేవాడు. "నెయ్యం పడనిదానికి వియ్యం ఎలా కుదురుతుందే!" అనేవాడు.

పిల్ల పోయాక ఆ జాడీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పైన ఉండాల్సింది కూడా కిందికి వెళ్లిపోయింది, ఇంక కిందున్నదాన్ని పైకి తీసేదెవరు? అల్లాల్ మాత్రం రోజూ ఏదో ఒక వంకతో కొట్టులోకి వెళ్లి, ఆ చోట కాసేపు నిలబడి వచ్చేవాడు.

అతనికి మిగిలింది మొహా ఒక్కడే. వారానికోసారి హారన్ మోగితే ఇంట్లో దీపం వెలిగినట్టుండేది. కాని కోతలు మొదలైన దగ్గర్నించీ మొహా వచ్చినప్పుడల్లా గొంతు సవరించుకుంటున్నాడు. "మామా, ఒక మాట" అంటాడు. "ఒక మాటేం ఖర్మ, నా దగ్గర బస్తా మాటలున్నాయి, పట్టుకుపో" అని అల్లాల్ ఏదో ఒకటి విసురుతాడు. మొహా నవ్వేస్తాడు. నవ్వులో మాట మునిగిపోతుంది. ఆ మాటేమిటో అల్లాల్‌కి తెలియక కాదు. పెళ్లీడు కుర్రాడు గొంతు సవరించుకుంటే పాట పాడటానికి కాదని ఎవరికైనా తెలుస్తుంది. వాడికి వేరే పిల్లని చూస్తున్నారు. చచ్చిపోయిన పెళ్లికూతురి ఇంటికి వారం వారం వెళ్లే అల్లుణ్ని ఏ అత్తవారు ఒప్పుకుంటారు? మొహా ఆ మాట చెప్పిన రోజు హారన్ ఆగిపోతుంది. అందుకే చెప్పనివ్వకూడదు. అల్లాల్ హాస్యాలన్నీ ఇప్పుడు తలుపు గడియలే.

ఆ వేళ కూడా మొహా వ్యాన్ తలుపు వేస్తూ, "మామా, ఇవాళ ఒక మాట..." అన్నాడు.

"ముందు చేతులు కడిగించు, తర్వాత మాటలు కడుగుదాం."

మొహా నవ్వలేదు. నీళ్ల కెటిలూ పళ్లెమూ అందుకుని లోపలికి వెళ్లాడు.

వచ్చినాయన పేరు గాస్తాన్, ఆవిడ ఒడెత్. గోడవారగా తివాచీ మీద చతికిలబడి, పుదీనా టీ ఊదుకుంటూ తాగారు. అల్లాల్ టీకూజాని తల ఎత్తున లేపి గ్లాసులోకి ధార కట్టి, "ఇంత ఎత్తునించి పడ్డా టీకి దెబ్బ తగలదు, మనిషి నేలమీదే జారి పళ్లు రాలగొట్టుకుంటాడు" అన్నాడు. మొహా దాన్ని వాళ్ల భాషలో చెప్పాడు. అల్లాల్ చారెడు చెబితే మొహా చిటికెడు చెబుతాడు. అయినా వాళ్లు నవ్వారు. ఒడెత్ ఏదో అడిగింది. మొహా తనే ఏదో జవాబు చెప్పేశాడు. మీకు పిల్లలెందరు అని అడిగి ఉంటుంది. ప్రతివాళ్లూ అడుగుతారు. ఆ ప్రశ్నని మొహా ఎప్పుడూ మామ దాకా రానివ్వడు.

అల్లాల్ వంటింట్లోకి తొంగి చూశాడు. పొయ్యిమీద కుస్కుస్, పొయ్యి పక్కన యామ్నా గుసగుస. ఆవిడకి పనిలో తనలో తను గొణుక్కోవడం అలవాటు. గోళ్లనిండా మట్టి.

"ఏమే, వంట చేస్తున్నావా, వ్యవసాయం చేస్తున్నావా?"

"దుంపలు తవ్వాను. పో, పళ్లెం తెస్తున్నా."

ఈత మట్టల మూత కప్పిన పెద్ద పళ్లెం వచ్చింది. చుట్టూ నలుగురూ కూచున్నారు. యామ్నా ఎప్పటిలాగే వంటింట్లోకి తిరిగి వెళ్లిపోయింది. అల్లాల్ దేవుడి పేరు చెప్పి మూత ఎత్తాడు.

ఆవిరి లేచింది. ఆవిరి వెనకాల ఆ వాసన లేచింది.

లోయలో ఏ ఇంట్లో ఏ వెన్న ఎన్నాళ్లదో వాసనని బట్టి చెప్పగలరు. ఇంత ముదిరిన వెన్న ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. అల్లాల్ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. నోట్లో సిద్ధంగా ఉన్న హాస్యం నోట్లోనే చచ్చిపోయింది. ఎదురుగా మొహా, పళ్లెం వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. వాడికీ తెలిసిపోయింది. గాస్తాన్ ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, భార్య వంక చూసి, ధైర్యం చేసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అల్లాల్ లేచి వంటింట్లోకి వెళ్లాడు. జాడీ పొయ్యి పక్కన పడుంది, మట్టి మట్టిగా. పైన అటక మీద గుడ్డ కప్పిన చిన్న పళ్లెం ఒకటి ఉంది.

"నీకేమైనా మతిపోయిందా?" గొంతు తగ్గించి అరిచాడు.

"పోలేదు. ఇప్పుడే వచ్చింది."

"అది పిల్లది!"

"పిల్ల పెళ్లిది. కోతలయ్యాక పెళ్లన్నాం కదా. కోతలయ్యాయి."

"యామ్నా..."

"మొహా వాళ్లమ్మ నిన్న ఊట దగ్గర కనబడింది. పిల్లని చూశారంట. మంచి పిల్లంట. వీడు ఊఁ అనడంలేదంట. అల్లాల్ మామకి చెప్పకుండా ఊఁ అననని కూచున్నాడంట. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నువ్వేమో వాడి నోరు తెరవనివ్వవు."

"నేనేం నోరు నొక్కానా? నవ్వించాను!"

"నవ్వేవాడు మాటెలా చెబుతాడయ్యా?"

అల్లాల్ గోడకి ఆనుకున్నాడు. "చెబితే ఇంక రాడే వాడు."

"రాడు."

"మరి?"

"మరేంటి? పోయిన పిల్లకి కాపలా పెడదామా వాణ్ని? దాన్ని ఆ మంచులో పట్టుకుని కూచున్నాడు చూడు, ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు. చేతులు నొప్పెడతాయయ్యా. మనమే విడిపించాలి."

అల్లాల్ జాడీలోకి వంగి చూశాడు. "అంతా వేసేశావా?"

"గీకి మరీ వేశాను. చెంచాడు ఉంచినా మళ్లీ పాతిపెడతావు నువ్వు."

అతను తిరిగి వచ్చి తన చోట కూచున్నాడు. గాస్తాన్ అప్పటికే తన వైపంతా సగం ఖాళీ చేశాడు. వేళ్లు నాక్కుంటూ ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడు?"

"ఇలాంటి రుచి ఎక్కడా చూళ్లేదంటున్నాడు," మొహా తల ఎత్తలేదు. "ఏం కలిపారని అడుగుతున్నాడు. ఏదో చెప్పేస్తాలే మామా."

"ఏదో కాదు. నేను చెప్పిందే చెప్పు. నా హాస్యాలన్నీ మింగినట్టు ఇది మింగకు, ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను. ఇది మా అమ్మాయి పుట్టిననాడు పాతిపెట్టిన వెన్న అని చెప్పు."

మొహా చెప్పాడు.

"పెళ్లినాడు తప్ప పైకి తియ్యమని చెప్పు."

చెప్పాడు. ఒడెత్ రెండు చేతులూ గుండెమీద పెట్టుకుంది.

"పెళ్లికొడుకు ఎవరో కాదు, ఈ మాటలు చెబుతున్నవాడేనని చెప్పు."

"మామా, వద్దు."

"చెప్పరా. మంచు పడి దారి మూసుకోకముందే చేసుకుంటాడని చెప్పు. మాకు సంతోషమని చెప్పు. నాకూ, మీ అత్తకీ. ఇద్దరికీ అని చెప్పు."

మొహా ఫ్రెంచ్ ముక్కలు ముక్కలుగా వచ్చింది. మధ్యలో ఒకచోట ఆగిపోతే, అల్లాల్ తన ముందున్న మాంసం ముక్కని వేళ్లతో జరుపుకుంటూ పళ్లెం అవతల మొహా వైపుకి నెట్టాడు. దాని వెంట ఉల్లిపాయలూ, ఎండుద్రాక్షా, వెన్న బాగా పట్టిన గింజలూ నెట్టాడు. మొహా ముందు చిన్న దిబ్బ లేచింది.

"తిను నాయనా. చల్లారితే మేక ఇంకా మేకైపోతుంది."

మొహా తిన్నాడు. దిబ్బంతా తిన్నాడు. గడ్డం మీదనించి కారేది తుడుచుకోలేదు, తింటూనే ఉన్నాడు. ఆ ఇద్దరూ దాన్ని ఆనందబాష్పాలనుకున్నారు. గాస్తాన్ టీ గ్లాసు పైకెత్తి ఏదో శుభం పలికాడు. ఒడెత్ వంటింటి గుమ్మం వైపు చూస్తూ, నవ్వుతూ, చిన్న ప్రశ్న అడిగింది.

మొహా పళ్లెం మీదికి తల వంచుకున్నాడు.

ఆ ప్రశ్నకి తర్జుమా అక్కర్లేదు. గుమ్మం వైపు చూసి ఏ ఆడమనిషి అడిగినా అదే అడుగుతుంది, పెళ్లికూతురేదీ అని. అల్లాల్ తలపాగా సర్దుకున్నాడు. "సిగ్గు అని చెప్పు," అన్నాడు.

వెళ్లేముందు యామ్నా బయటికి వచ్చి మొహా తలమీద చెయ్యి వేసింది. పెద్దవాళ్లు వ్యాన్ ఎక్కారు. మొహా తాళంచెవి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మామా, వచ్చే వారం..."

"వచ్చే వారం మంచు పడుతుంది. అయినా మామా ఏంట్రా? ఆ పిలుపుకి అవతల ఒకాయన కాచుకుని కూచుంటే. నన్ను బాబాయ్ అను."

మొహా నోరు తెరిచాడు. ఆ పిలుపు రాలేదు. వంగి అల్లాల్ భుజాన్ని ముద్దు పెట్టుకుని గబగబా వెళ్లి బండెక్కాడు. వాగు దాటేటప్పుడు అలవాటుగా హారన్ కొట్టాడు. అల్లాల్ అది పూర్తిగా ఆగిపోయేదాకా వాకిట్లోనే ఉన్నాడు.

లోపలికి వచ్చేసరికి యామ్నా పెద్ద పళ్లెం తోమేసింది. జాడీ కూడా తోమి బోర్లించింది. అటక మీది చిన్న పళ్లెం ఇంకా అలాగే, గుడ్డ కప్పి ఉంది.

"నువ్వు తినలేదా?" అన్నాడు.

"తిన్నాను. అడుగున మిగిలింది తిన్నాను."

"మరి అదెవరికి?"

యామ్నా పొయ్యిలో బూడిద కదుపుతోంది. "వెన్న కలపకముందే తీశాను," అంది.

అల్లాల్ అటక దాకా వెళ్లి, గుడ్డ ఎత్తబోయి, ఎత్తకుండా అంచులు సరిగ్గా సర్ది వచ్చి పొయ్యి దగ్గర కూచున్నాడు. యామ్నా చాలాసేపు ఎదురుచూసింది. అతను హాస్యం ఏదీ ఆడలేదు.