అంకె పక్కన చుక్క

మా పిన్ని నీటి మీటర్ల రీడరు. ఇరవై రెండేళ్లుగా నెలకోసారి ఇంటింటికీ వెళ్లి, మీటరు మూత ఎత్తి, అంకె చూసి నోటుబుక్కులో రాసుకుంటుంది. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఆఫీసులో ఏ పైపు ఎక్కడ కారుతోందో లెక్కకట్టే గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది. శనివారాలు జరిగే ప్రోగ్రామింగ్ క్లాసులో చేరి, చివరి ప్రాజెక్టులో నూటికి తొంభై జవాబులు సరిగ్గా రాబట్టినవాళ్లకి ఆ కుర్చీ ఇస్తామని ఆఫీసు చెప్పింది.

"తోడు రావే అమ్మడూ. నాకు మౌసు పట్టుకోవడమే రాదు," అంది పిన్ని. డిగ్రీ అయి ఇంట్లోనే ఉన్నాను కనుక నేనూ చేరాను.

మిగతావాళ్లంతా ఆఫీసు గుమాస్తాలు. చకచకా టైపు చేసేవారు. పిన్ని చూపుడు వేలితో ఒక్కో అక్షరాన్నీ వెతికి నొక్కేది. రెండో వారం మాస్టారు లూప్ గురించి చెప్పారు. ఒకే పనిని వరసగా ఎన్నిసార్లయినా చేయించడం. గుమాస్తాలు తికమకపడ్డారు.

"ఇందులో ఏముంది, వీధి తిరగడమేగా," అంది పిన్ని. "ఇంటి ముందు ఆగు, చూడు, రాసుకో, పక్కింటికి పో. ఇళ్లు అయిపోతే మానెయ్యి."

మాస్టారు ఆ మాటల్నే బోర్డు మీద రాశారు.

"అక్కా, మధ్యలో టీకి వెళ్తే ప్రోగ్రాం ఆగుతుందా?" అన్నాడు వెనక బెంచీలోని పొడుగు గుమాస్తా.

"నువ్వు వెళ్తే ఆగుతుంది. నేను వెళ్తే నడుస్తూనే ఉంటుంది," అంది తల తిప్పకుండా.

తెర మీద ఎర్రగా తప్పు కనబడితే మేమంతా మాస్టారిని పిలిచేవాళ్లం. పిన్ని పిలిచేది కాదు. ఆ వాక్యాన్ని కూడబలుక్కుని, తారీఖు వేసి నోటుబుక్కులోకి ఎక్కించేది. "కుక్క మొరగ్గానే పరిగెత్తకూడదే. ఎటువైపు నుంచి మొరుగుతోందో చూడాలి," అనేది. రెండు నెలలు తిరిగేసరికి మా అందరి తప్పులకీ మందు ఆ నోటుబుక్కులోనే దొరికేది.

ప్రాజెక్టు కోసం పిన్ని తను తిరిగే వీధినే తీసుకుంది. అరవై ఇళ్లు. పాత నెలల అంకెలు చూసి, ఈ నెల ఏ ఇంట్లో ఎంత నీరు వాడతారో ప్రోగ్రాం ముందే చెప్పాలి. చెప్పినదానికన్నా బాగా ఎక్కువ వస్తే ఆ ఇంటి పైపు కారుతోందేమో చూడాలి. ప్రోగ్రాంకి చూపించకుండా దాచిన ఒక నెలతో పోల్చి చూస్తే, అరవైలో యాభై నాలుగు ఇళ్లకి సరిపోయింది. సరిగ్గా తొంభై.

"కుర్చీ నీదే పిన్నీ," అన్నాను.

ఆమె నవ్వలేదు. సరిపోయిన ఇళ్ల జాబితాను వేలితో కిందికి జరుపుతూ కూర్చుంది. పదకొండు ఇళ్ల దగ్గర ప్రోగ్రాం చెప్పిందీ, ఆఫీసు లెక్కలో ఉన్నదీ లీటరు తేడా లేకుండా ఒకటే.

"మనుషులు ఇంత కచ్చితంగా నీళ్లు వాడరే," అంది.

ఇంటికెళ్లి పాత నోటుబుక్కులు తీసింది. ఆ పదకొండు అంకెల పక్కనా చిన్న చుక్క ఉంది. గేటుకి తాళం ఉన్నా, లోపల కుక్క ఉన్నా రీడర్లు అంతకుముందు మూడు నెలల వాడకం సగటు కట్టి అంకె రాసి, పక్కన చుక్క పెట్టుకుంటారు. వారంలోగా మళ్లీ వెళ్లి అసలు అంకె వేయాలి. దాచిన ఆ నెలలో మోకాళ్లు వాచి పిన్ని మళ్లీ వెళ్లలేదు. ఆఫీసులో అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు చుక్కల్ని ఎక్కించలేదు. ప్రోగ్రాం ఆ ఇళ్లలో పట్టుకున్నది నీటి వాడకాన్ని కాదు, పిన్ని వేసిన సగటుని.

ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే. పిన్ని పట్టికలో 'చుక్క' అని ఒక కొత్త వరస చేర్చి, నెలనెలా నోటుబుక్కుతో సరిచూసి నింపింది. మూడు రోజులు పట్టింది. చుక్క ఉన్న అంకెల్ని పక్కనపెట్టి మళ్లీ నడిపితే, నలభై తొమ్మిది ఇళ్లలో నలభై మూడే సరిపోయాయి. ఎనభై ఎనిమిది కూడా నిండలేదు.

శనివారం ఆఫీసు ఇంజనీరుగారు వచ్చి అందరి ప్రాజెక్టులూ చూశారు. పిన్ని లేచి రెండు ఫలితాలూ చూపించింది.

"చూడకుండా రాశారా?" అన్నారు ఆవిడ.

"రాశానండి. మళ్లీ వెళ్లాల్సింది, వెళ్లలేదు."

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు."

"ప్రోగ్రాంకి నేర్పింది నేనండి. నేను ఊహించి రాసింది నిజమని నేర్పితే, రేపు ఊరంతటికీ అదే చెబుతుంది."

ఇంజనీరుగారు ఆ చుక్కల వరసని పైనుంచి కిందిదాకా చూశారు. "తొంభై రాలేదు కాబట్టి ఇప్పుడు కుర్చీ ఇవ్వలేను," అన్నారు చివరికి. "ఎవరికీ రాలేదు కాబట్టి మూడు నెలల తర్వాత మళ్లీ పెడతాను. ఈలోగా మిగతా రీడర్ల చుక్కలు కూడా ఎక్కించమని చెబుతాను."

సోమవారం పొద్దున్నే పిన్ని నన్ను వెంటబెట్టుకుని ఆ పదకొండు ఇళ్లకీ బయల్దేరింది. నా సంచిలో బిస్కెట్ ప్యాకెట్లు. ఏడో ఇంటి కుక్క రెండు ప్యాకెట్లు తింటే గానీ దారి ఇవ్వలేదు. ఇంటావిడ కొళాయిలన్నీ కట్టేశానంది. అయినా మీటరు లోపలి ముల్లు నెమ్మదిగా తిరుగుతూనే ఉంది.

పిన్ని మెట్టు మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. మోకాలు రుద్దుకుంటూ వంగి అంకె చదివింది.

"రాయవే," అంది. "చుక్క పెట్టకు."