కొమ్మకు తగులుకునే ఎర

మా ఆయన ప్రేమానందానికి దేవుడి తర్వాత బాస్ చేపే. ఎనభై నాలుగు మార్చిలో ఒక శనివారం, చిన్న అల్యూమినియం పడవను కారు మీద కట్టుకుని, అమెరికాలో మేముండే ఆల్ఫారెట్టా నుంచి లేనియర్ సరస్సుకు నన్ను తీసుకెళ్లారు. నేను నరసాపురం పిల్లని. చేపను ఎన్ని రకాలుగానైనా వండుతాను గానీ నీళ్లంటే ప్రాణభయం. ఈత ఇద్దరికీ రాదు.

పడవలో ఎరల పెట్టె తెరిచారు.

"చూడు కుమారీ, ఇది రబ్బరు వానపాము. హుక్ లోపల దాగుంటుంది, కొమ్మల్లో వేసినా తగులుకోదు. ఇదేమో చెక్క చేప. కింద మూడేసి ముళ్ల హుక్స్. కొమ్మ కనిపిస్తే చాలు, పట్టేసుకుంటుంది. ఈ లేక్ అడుగునంతా మునిగిపోయిన చెట్లే. ఇక్కడ దీన్ని ముట్టుకోకూడదు."

"ప్రాణం లేని పురుగును చూసి మోసపోయే చేపకి బుద్ధి లేదా, దాని కోసం చలిలో కూర్చున్న మనకి లేదా?"

ఆయన నవ్వి ఇంకో గాలపు రాడ్ నా చేతికిచ్చారు. "చన్నీళ్లలో స్లోగా లాగాలి. కంగారు పడితే ఏదీ రాదు."

మధ్యాహ్నానికి ఎర విసరడం కాస్త చేతికి కుదిరింది.

ఒకచోట ఎండిన మోడు నీళ్లలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంది. దాని పక్కన ఆయన రబ్బరు పురుగుకి మోచేయంత బాస్ పడింది. దాన్ని పడవలోకి లాగి, టోపీ తీసి, లేచి నిలబడి కళ్లు మూసుకున్నారు. మా సంఘంలో కృతజ్ఞతా ప్రార్థన నిలబడే చేయాలి. పడవలో కూడానా! కూర్చోమని అనబోయాను గానీ, ప్రార్థన మధ్యలో మాట్లాడే అలవాటు లేక ఊరుకున్నాను. ఎక్కడో దూరంగా వెళ్లిన మోటారు బోటు తాలూకు అల ఆలస్యంగా వచ్చి మా పడవను తాకింది. "స్తోత్రం" అన్న మాట పూర్తి కాకుండానే ఆయన నీళ్లలో పడ్డారు. ఉన్న ఒక్క తెడ్డూ ఆయన కాలికి తగిలి నీళ్లపాలైంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన తల పైకి వచ్చింది. చేతులు కొట్టుకుంటూ ఎలాగో మోడును కావలించుకున్నారు. ఉన్న ఒకే లైఫ్ జాకెట్ పొద్దున నాకే తొడిగారు, అది విప్పి ఆయన వైపు విసిరాను. ఎదురుగాలికి సగంలోనే పడి కొట్టుకుపోయింది. ఆ గాలే పడవను ఆయనకు దూరంగా నెడుతోంది. గొంతు పగిలేలా అరిచాను. సరస్సు మీద ఒక్క మనిషి లేడు.

"చేతులు తిమ్మిరెక్కిపోతున్నాయి, కుమారీ!"

నా రాడ్‌కి ఉన్నది రబ్బరు పురుగు. అది దేనికీ తగులుకోదు. దాన్ని కొరికి తెంపేసి, ఆయన ముట్టుకోవద్దన్న చెక్క చేపనే తీశాను. ముడి మీద ముడి వేసి పంటితో బిగించాను. అది మోడుకు పట్టుకుంటే గాలపు లైన్ చుట్టుకుంటూ పడవను అక్కడికి చేర్చుకోవచ్చు. ఆ ముళ్లు ఆయన కంట్లో దిగితే?

"మొహం దాచుకోండి!" అని అరిచి విసిరాను.

ముందే పడిపోయింది. చుట్టి మళ్లీ విసిరేలోపు పడవ ఇంకొంచెం వెనక్కి పోయింది. ఈసారి మోడు దాటి పడింది. ప్రభువా, ప్రభువా అనుకుంటూ నెమ్మదిగా లాగాను. తగులుకుంది.

"పట్టింది! గట్టిగా పట్టుకోండి!"

ఆయన మాట్లాడలేదు. మొహం మోడుకు ఆనించుకునే ఉన్నారు. ప్రాణం పోయిందేమోనని హడలిపోయాను. లైన్ తెగితే ఇంకో ఎర కట్టే టైమ్ లేదు. కంగారు పడితే ఏదీ రాదు, కంగారు పడితే ఏదీ రాదు, అనుకుంటూ చుట్టాను. పడవ బెత్తెడు బెత్తెడుగా ముందుకు కదిలింది.

దగ్గరికొచ్చాక చూశాను. చెక్క చేప మోడుకు లేదు. దాని ముళ్లు ఆయన ఎడమచేతి వెనక చర్మంలోంచి మాంసంలోకి దిగి ఉన్నాయి. అంతసేపూ నేను పడవను లాగింది ఆ చేతి ఆసరాతోనే. ఆ చేత్తోనే ఆయన మోడును వదలకుండా పట్టుకున్నారు.

బెల్టు పట్టి ఎలా లోపలికి లాక్కున్నానో నాకు తెలియదు. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఒక్క కేక వెయ్యొచ్చు కదండీ!" అని ఏడ్చేశాను.

"వేస్తే... నువ్వు లాగడం ఆపేసేదానివి."

గాలి మమ్మల్ని మెల్లగా ఒడ్డుకేసి తోస్తోంది. ఆయన వణుకుతూనే మోకాళ్ల మీదికి లేవబోయారు, ఆగిపోయిన ప్రార్థన పూర్తి చేయడానికి.

"కూర్చునే చెయ్యండి," అన్నాను.

కూర్చునే చేశారు. ఆయన కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, ఆమెన్ అనేదాకా ఆయన బెల్టును రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను.