గోరు ఆగిన చోట

పద్మనాభం గారి కుడిచేతి బొటనవేలి గోరు మిగతా తొమ్మిదింటికన్నా కాస్త పొడుగ్గా ఉంటుంది. అది సోకూ కాదు, బద్ధకమూ కాదు. విజయవాడ దగ్గర రైల్వే వ్యాగన్ల వర్క్‌షాప్‌లో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టర్‌గా చేసిన మనిషి ఆయన. రెండు ఇనప ముక్కలు కలిసిన చోట ఆ గోరు పెట్టి అడ్డంగా గీస్తారు. జారిపోయిందా, సమంగా ఉన్నట్టు. ఎక్కడైనా ఆగిందా, ఆ ముక్క మళ్ళీ బెంచీ ఎక్కాల్సిందే. రిటైరై ఆరేళ్ళయినా ఆ గోరు మాత్రం పూర్తిగా కత్తిరించుకోరు.

2011 నవంబర్లో ఒక శుక్రవారం సాయంత్రం, ఫ్రిస్కోలో కూతురు సుధ ఇంట్లో, ఆ గోరు ఆగింది. ఆగక ఆగక దేని మీద ఆగిందంటారు? అల్లుడు కొత్తగా కొన్న రైఫిల్ మీద!

అల్లుడు రఘువీర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. గ్రీన్‌కార్డు వచ్చి ఏడాదైంది. ఆఫీసులో డైరెక్టర్ డేల్ అనే ఆయన జింకల వేటకి ఊరవతల తన పొలానికి, అదే ర్యాంచ్‌కి, రమ్మని పిలిచాడు. ఎనిమిదేళ్ళుగా అదే ఆఫీసులో పనిచేస్తున్నా ఇలాంటి పిలుపు రావడం ఇదే మొదలు. ఇంకేముంది, మనవాడు ఎగిరి గంతేసి తుపాకీ కొనేశాడు. అదీ పాత కౌబాయ్‌ల నాటి రకం. ట్రిగ్గర్ చుట్టూ ఉండే లీవర్‌ని కిందికి తోసి పైకి లాగితే తూటా లోపలికి వెళుతుంది.

హాల్లో సోఫా మీద కూర్చుని, ఖాళీ తుపాకీ లీవర్‌ని టకటకా ఆడిస్తూ మామగారికి చూపించాడు. కిందికి తోసినప్పుడు లీవర్ అటూ ఇటూ లొడలొడమంది. పద్మనాభం చేయి చాచి తుపాకీ తీసుకున్నారు. లీవర్ మూశారు. తూటాని కొట్టి పేల్చే చిన్న సుత్తి, అదే హ్యామర్, వెనక్కి నిక్కబొడుచుకుని ఉంది. దాని ముందు కనిపించిన అతుకు మీద గోరు పెట్టి గీశారు. గోరు ఆగింది. మళ్ళీ తెరిచి మూసి గీశారు. మళ్ళీ ఆగింది.

"ఇది కాస్త వదులుగా ఉన్నట్టుందండీ" అన్నారు భయపడుతూనే.

"నార్మలే మామయ్యగారూ. నేనూ ఫస్ట్ డే కంగారుపడి షాప్‌కి తీసుకెళ్తే కౌంటర్‌లో వాడు నవ్వాడు. నెట్‌లో తుపాకీల ఫోరమ్‌లో పోస్ట్ చేస్తే పన్నెండు మంది రిప్లై ఇచ్చారు. లీవర్ యాక్షన్ అంటేనే లూజ్‌గా ఉంటుందట, హాయిగా షూట్ చేసుకోమన్నారు."

"తెరిచినప్పుడు ఊగితే ఊగనివ్వండి అల్లుడుగారూ. మూసినాక..."

"మామయ్యగారూ, ప్లీజ్. ఇది వ్యాగన్ కాదు." తుపాకీ తీసుకుని మేడెక్కి వెళ్ళిపోయాడు రఘువీర్.

అల్లుడి సంగతి పద్మనాభానికి తెలియంది కాదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి, తన బైక్ చెయిన్ వదులైందని అన్నందుకు ఆ మహానుభావుడు రెండు రోజులు అత్తారింటి భోజనానికే రాలేదు. అప్పటి నుంచీ మామగారు అల్లుణ్ణి "అండీ" అనడం, అడిగితేనే మాట్లాడటం. వచ్చి మూడు వారాలైంది. ఇంకో పది రోజుల్లో తిరుగు ప్రయాణం. ఈ పది రోజులూ కిమ్మనకుండా గడిపేస్తే పోయేది. కానీ ఆ గోరు ఊరుకోనిస్తేగా!

వంటగదిలోకి వెళ్ళి కూతురితో గొంతు తగ్గించి చెప్పారు.

"తలుపు తీసున్నప్పుడు ఎంత ఊగినా భయం లేదమ్మా. మూసి గడియ వేశాక ఊగకూడదు. తెరిచినప్పుడు చూశా, దాంట్లో తూటా వెనక మూతలా ఉండే బోల్ట్ వెనకాల ఒక ఇనప దిమ్మె కిందనించి లేస్తది. అదే గడియ. తూటా పేలినప్పుడు ఆ దెబ్బంతా కాచేది అదే. ఇందులో అది పూర్తిగా లేవట్లా. అది జారితే బోల్ట్ వెనక్కొచ్చి ఎవరి మొహాన పడుద్ది? చెంప ఆనించి కాల్చేవాడి మొహానే గదా!"

సుధ చేతిలో గరిటె ఆగిపోయింది. "నీకు గ్యారంటీగా తెలుసా నాన్నా?"

"తెలీదమ్మా. బుద్ధెరిగినాక తుపాకీ ముట్టుకోవడం ఇవాళే. ఒక్కదాన్ని చూసి ఏం చెప్తాం? మంచిది ఇంకోటి పక్కన పెట్టి చూడాల."

"డేల్ దగ్గర ఇలాంటిదే ఉందట, వాళ్ళ నాన్నది. రేపు నువ్వూ వెళ్ళు, నేను చెప్తా నీ అల్లుడికి. కానీ నాన్నా, అక్కడ బాస్ ముందు ఆయన్ని చిన్నబుచ్చకు. నీకు దణ్ణం పెడతా."

శనివారం మధ్యాహ్నం బయల్దేరారు. కారులో గంటన్నర ప్రయాణం. పద్మనాభం ఒకసారి గొంతు సవరించుకున్నారు. అల్లుడు పాటల సౌండ్ పెంచాడు.

డేల్ ఆరడుగుల మనిషి, నవ్వు మొహం. గురి సరిచూసుకోవడానికి పొలంలో ఒక బల్ల వేసి, దూరంగా అట్ట నిలబెట్టాడు. ముసలాయన తన ట్రక్కులో ఉన్న తండ్రి పాత రైఫిల్‌ని అదేపనిగా చూస్తుంటే ముచ్చటపడి, లోపల తూటాల్లేవని చూపించి మరీ చేతికిచ్చాడు. ఇచ్చేసి బైనాక్యులర్స్ పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు.

పద్మనాభం లీవర్ కిందికి తోశారు. అమ్మో, ఇది కొత్తదానికన్నా ఎక్కువ లొడలొడలాడుతోంది! ఆయన మొహం వాడిపోయింది. 'ఛీ, నా చాదస్తం. పన్నెండు మంది చెప్పింది నిజమే. అనవసరంగా పిల్లని కూడా భయపెట్టాను' అనుకున్నారు. ఒక పక్క సిగ్గేసింది, ఇంకో పక్క ప్రాణం కుదుటపడింది.

అలవాటు కొద్దీ లీవర్ మూశారు. హ్యామర్ ముందున్న అతుకు మీద గోరు గీశారు.

గోరు జారిపోయింది, అద్దం మీద జారినట్టు. మళ్ళీ తెరిచి మూశారు. మళ్ళీ జారింది. మూడోసారీ అంతే.

అంటే గడియ సరిగ్గా పడనిది కొత్తదానికే! పద్మనాభం తలెత్తి చూస్తే, పాతిక అడుగుల దూరంలో రఘువీర్ చప్పుడు వినపడకుండా చెవులకి మఫ్‌లు పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాడు. తూటా ఎక్కించేశాడు. చెంప కర్రకి ఆనించాడు. కన్నుకీ ఆ బోల్ట్‌కీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆ కన్ను చూసే కదా, తన కూతురు రోజూ పొద్దున్నే నవ్వుతూ లేస్తుంది!

"అల్లుడుగారూ!" అని అరిచారు. వినిపిస్తేనా! "అల్లుడుగారూ, ఆగండి!" డేల్ కూడా చెవులు మూసుకుని అట్టకేసే చూస్తున్నాడు.

"ఒరేయ్ రఘూ! ఆగరా!"

అరవయ్యారేళ్ళ మనిషి ఎలా పరిగెత్తారో ఆయనకే తెలియదు. వెనకనుంచి వెళ్ళేసరికి అల్లుడి వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంటోంది. భుజం లాగితే ఆ అదురుకే పేలిపోవచ్చు. ఇంకేం ఆలోచించలేదు. నిక్కబొడుచుకుని ఉన్న హ్యామర్‌కీ దాని ముందున్న బోల్ట్‌కీ మధ్య సందులో కుడిచేతి బొటనవేలు పెట్టేశారు.

టక్.

అంతే, హ్యామర్ వేలి మీద పడింది, తూటా పేలలేదు. పద్మనాభం నోటినుంచి మాత్రం ప్రాణం పోయినంత కేక వచ్చింది.

డేల్ తిరిగి చూసి ఒక్క దూకులో వచ్చాడు. గొట్టం అట్టకేసే ఉండేట్టు పట్టుకుని, హ్యామర్ లాగి ముసలాయన వేలు విడిపించాడు. లీవర్ తెరిచి తూటా బయటికి తీశాడు. రఘువీర్ మఫ్‌లు లాగిపారేసి లేచాడు. మొహం జేవురించింది.

"ఏంటి మామయ్యగారూ ఇది! పిచ్చా మీకు? అందరి ముందూ నా పరువు..."

పద్మనాభం మాట్లాడే స్థితిలో లేరు. నెత్తురోడుతున్న చేయి పొట్టకి అదుముకుని, రెండో చేత్తో పాత రైఫిల్ కేసి చూపించారు, కొత్తదాని కేసి చూపించారు. గాల్లో గోరు గీసినట్టు అభినయించారు. డేల్ కాసేపు అర్థంకానట్టు చూశాడు. తర్వాత ఖాళీ చేసిన కొత్త రైఫిల్‌ని మూసి, అతుకు మీద తన బొటనవేలి గోరు పెట్టి గీశాడు. తన తండ్రి రైఫిల్ మీదా గీశాడు. మళ్ళీ కొత్తదాని మీద గీశాడు. నవ్వు మొహం కాస్తా పాలిపోయింది.

"రఘూ, దీన్ని ఇంకెవరూ కాల్చకూడదు. కంపెనీకి వెనక్కి పంపించు" అన్నాడు తన ఇంగ్లీషులో, మెల్లగా. తర్వాత టోపీ తీసి, పద్మనాభం ముందు ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు.

రఘువీర్ వెళ్ళి తనూ గోరు గీసి చూసుకున్నాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. అయిదోసారికి తుపాకీ పక్కన పెట్టేసి, బల్ల మీద కూలబడ్డాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడింది. తలుపు తీసిన సుధ కట్టు చూసి లబోదిబోమంది. "ఏమైంది నాన్నా?"

"ఏం లేదమ్మా. ట్రక్కు డోర్లో పడింది" అన్నారు పద్మనాభం, అల్లుడి కేసి చూడకుండా.

"డోర్ కాదు సుధా." రఘువీర్ ముందుకొచ్చాడు. "నేను ట్రిగ్గర్ నొక్కేశాను. మామయ్యగారు వేలు అడ్డం పెట్టారు. లేకపోతే ఈపాటికి నా మొహం..."

సుధ ఏడుస్తూనే నాన్నని సోఫాలో కూర్చోబెట్టింది. రఘువీర్ ఆయన ముందు నేలమీద కూర్చుని ఆ కట్టున్న చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"గోరు ఊడిపోతుందన్నాడు డాక్టర్. మళ్ళీ వస్తుందా మామయ్యగారూ?"

"రాకేం అల్లుడుగారూ. నాలుగైదు నెలలు పడుద్ది."

"టికెట్ మార్పిస్తాను" అన్నాడు రఘువీర్. "గోరు వచ్చేదాకా ఇక్కడే ఉండండి."