నవ్వుకు కళాయి

ముబారక్‌కు పెళ్ళయి నాలుగేళ్ళు దాటింది. ఆ నాలుగేళ్ళలో అతను పెళ్ళాం నవ్వు విన్నాడే గాని చూడలేదు. ఫిర్దోస్‌కు నవ్వొస్తే ముందు కొంగు నోటి మీదికి వచ్చేది, తర్వాత భుజాలు కదిలేవి, ఆ వెనక సన్నగా ఒక చప్పుడు వినిపించేది. పెళ్ళాం మర్యాదస్తురాలని మురిసిపోయే మొగుళ్ళు ఉంటారు, లేకపోలేదు. ముబారక్ ఆ రకం కాదు. కొంగు వెనక ఏముందో అతనికి తెలుసు, దానికోసమే అతని ప్రాణం కొట్టుకునేది.

పెళ్ళికి ముందు ఒకసారి చూశాడు. ధర్మవరంలో ఎవరిదో పెళ్ళి ఉంటే వంట పాత్రలకు కళాయి పెట్టడానికి వెళ్ళాడు. ఇత్తడి పాత్రను యాసిడ్‌తో రుద్ది, కాల్చి, లోపల తగరం పూయడం అతని పని. ఆ పూత లేకపోతే పులుసు చిలుమెక్కి విషమవుతుంది. పెరట్లో తిత్తి ఊదుకుంటూ కూచున్నవాడికి, ఉల్లిగడ్డలు తరుగుతున్న ఆడపిల్లల మధ్య ఒకామె నోరంతా తెరిచి నవ్వడం కనబడింది. పళ్ళన్నీ ఇటుక రంగు. ముబారక్ తిత్తి సంగతే మరిచిపోయాడు. బొగ్గులు చల్లారిపోతే వంటమనిషి నాలుగు తిట్టాడు.

ఊరికి రాగానే తల్లి హజరాబీ వెంటపడి ఆ పిల్లనే అడిగించుకున్నాడు. ఆ పిల్లే ఎందుకని తల్లి అడిగితే, పనిమంతురాలని చెప్పాడు. నవ్వు చూసి మనసు పడ్డానని తల్లికి చెప్పలేకపోవడం సరే, పెళ్ళయ్యాక పెళ్ళానికీ చెప్పలేదు. మా పెనుకొండ మగవాళ్ళు సంతలో గొంతు పోయేదాకా బేరమాడతారు. ఇంట్లో ఒక మంచి మాట అనమంటే మాత్రం నోట్లో నీళ్ళు పోసుకుంటారు.

ఫిర్దోస్ పుట్టిల్లు బత్తలపల్లి అవతల ఒక పల్లె. అక్కడ బోరునీళ్ళు తాగి పెరిగిన పిల్లలందరి పళ్ళూ అదే రంగు. అందరివీ అంతే కాబట్టి ఆ ఊళ్ళో ఎవరూ సిగ్గుపడలేదు. పెళ్ళయి కాపురానికి వస్తుంటే బస్సులో కండక్టరు టికెట్టు చించుతూ, "పండ్లు చూస్తేనే తెలుస్తాదిలేమ్మా మీది యా ఊరో" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ రోజు నోటికి అడ్డం వచ్చిన కొంగు మళ్ళీ దిగలేదు. ఇటుకపొడితో తోమింది, ఉప్పూ బొగ్గూ కలిపి తోమింది, చిగుళ్ళు ఒరుసుకుపోయాయే గాని రంగు పోలేదు. ఇలాంటి పళ్ళున్నా తనను చేసుకున్నాడని మొగుడి మీద ఆమెకు ఎంతో గౌరవం. అతనికేమో ఆ గౌరవం చూస్తే గుండె బరువెక్కేది. నవ్వు నాలుగందాల చేటు, మూసుకుంటే తప్పేముందని హజరాబీ తీర్పు.

తొంభై ఎనిమిది వేసవిలో తగరం కొనడానికి హిందూపురం పోయిన ముబారక్, మార్కెట్ దగ్గర ఈశ్వరప్పను చూశాడు. మడకశిర వైపు మనిషి. గొడుగు కింద ఒక స్టూలు, ఒక చేతి అద్దం, గాజుపెట్టెలో కట్టుడు పళ్ళు, 'పళ్ళ డాక్టర్' అని బోర్డు. ఒక లారీ డ్రైవరు గారపళ్ళను పుల్లకు చుట్టిన దూదితో తుడిచి, చూస్తుండగానే తెల్లగా చేసి అద్దం చేతికిచ్చాడు. అప్పుడు ముబారక్ ముక్కుకు ఘాటుగా ఒక వాసన తగిలింది. యాసిడ్ వాసన.

ఇంకెవరైనా అయితే ఆ వాసనకే జడిసి తప్పుకునేవాళ్ళు. ఇతను కళాయివాడు, ధైర్యం తెచ్చుకున్నాడు. నల్లబడిన బిందె యాసిడ్ పడగానే తళతళలాడడం రోజూ చూసేవాడే. నీళ్ళ వల్ల పట్టిన మరక బిందెకైతేనేం, పంటికైతేనేం అనుకున్నాడు. ఊరుకోక, తాను కళాయివాణ్ణని చెప్పి, మందు మంచిదేనని గుమిగూడిన వాళ్ళందరి ముందూ అనేశాడు. ఈశ్వరప్పకు అంతకంటే ఏం కావాలి? కళాయప్పే చెబుతున్నాడు చూడండని ఆ మాటను పదిమందికీ వినిపించాడు.

మరుసటి వారం ఫిర్దోస్‌ను తీసుకుపోయాడు. స్టూలు దగ్గరికి వచ్చాక ఆమె మొగుడి వైపు తిరిగింది. ఏమన్నా అయితే ఎట్లా అని అడిగింది.

"ఏం కాదు. ఆ మందు సంగతి నాకు తెలుసు" అన్నాడు ముబారక్.

ఆ మాట మీదే ఆమె కూచుంది. చిగుళ్ళు భగ్గుమని కళ్ళల్లో నీళ్ళు తిరిగినా కదల్లేదు. అద్దంలో చూసుకుంటే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. అయినా బజారులో నవ్వడానికి మనసొప్పక, కొంగు అడ్డం పెట్టుకునే ఇంటికి వచ్చింది.

తెల్లారి ముబారక్‌కు సోమందేపల్లిలో పని పడింది. సాయంత్రం ఇల్లు చేరేసరికి హజరాబీ గడపలోనే చెప్పింది. కోడలు పొద్దున అద్దం ముందర నిలబడి తనలో తనే నవ్వుకుందట, ఇంత చక్కటి నవ్వు పెట్టుకొని ఇన్నాళ్ళూ దాచిందట. తల్లి చూసింది, తను చూడలేదు. ఆ పూటే పనికి పోయినందుకు ముబారక్ తనను తానే తిట్టుకున్నాడు. అన్నం తింటూ వచ్చీరాని హాస్యాలన్నీ ఆడాడు. ఫిర్దోస్ పెదాలు విచ్చుకునేలోగా చెంబెత్తి ఒక గుక్క చల్లటి నీళ్ళు తాగింది. చెంబు కింద పడింది. దవడ పట్టుకొని అక్కడే చతికిలపడింది.

ఆ తర్వాత వేడి టీ పనికిరాలేదు. మజ్జిగ పనికిరాలేదు. నోరు తెరిస్తే గాలి తగిలి జివ్వుమనేది. కొన్నాళ్ళకు తెలుపూ పోయి పాత రంగు మచ్చలుమచ్చలుగా తేలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ సంగతి.

చివరికి హిందూపురంలోనే నీలావతి అనే పళ్ళ డాక్టరమ్మకు చూపించారు. ఆమె నిదానంగా పరీక్ష చేసి చెప్పింది. ఇది పైన పట్టిన మరక కాదు. చిన్నప్పుడు తాగిన నీళ్ళల్లోని ఫ్లోరైడు వల్ల పన్ను పుట్టడమే ఆ రంగుతో పుట్టింది. పళ్ళు తెల్లగా చేయించుకోవడం తప్పేమీ కాదు, కానీ చదువుకున్న డాక్టరు ముందు పన్ను చూసి, చిగుళ్ళకు మందు తగలకుండా కాపాడి, కొలతగా చేయాలి. అయినా ఇలాంటి రంగు పూర్తిగా పోతుందని ఎవరూ మాటివ్వలేరు. చెబుతూ చెబుతూ ముబారక్‌ను ఏం పని చేస్తావని అడిగింది. కళాయి పని అన్నాడు.

"అయితే నీకు తొందరగా అర్థమవుతుంది. పంటి మీద పుట్టుకతో వచ్చిన కళాయి ఉంటుంది. వాడు దాన్ని యాసిడ్‌తో కడిగేశాడు. నువ్వు కడిగాక మళ్ళీ తగరం పూస్తావు. దీనికి తిరిగి పూయడానికి అలాంటిది నా దగ్గర లేదు."

నొప్పి తగ్గడానికి మందులిస్తానంది. పేరు నమోదైన డాక్టరు తప్ప ఇంకొకరు పళ్ళకు వైద్యం చేయడం చట్టప్రకారం నేరమని, ఫిర్యాదు ఇస్తే తాను కాగితం రాసిస్తానని చెప్పింది. ముబారక్ తల వంచుకొని విన్నాడు.

తిరుగు బస్సులో, కిటికీ మూసిపెట్టి, నాలుగేళ్ళుగా గొంతులో ఉన్నదంతా చెప్పేశాడు. ధర్మవరం పెళ్ళి, ఉల్లిగడ్డలు, తిత్తి మరిచిపోవడం. ఆ రంగు పళ్ళతో నవ్విన నవ్వు కోసమే ఆమెను చేసుకున్నానన్నాడు. అది మళ్ళీ చూడాలనే స్టూలు దాకా తీసుకుపోయానన్నాడు.

ఫిర్దోస్ కొంగు వెనక నుంచే అంది. "నాలుగేండ్లు నోరు మూసుకోని బతికితి. ఈ ఒక్క మాట చెప్పింటే నేను యాడన్నా ఆ స్టూలు మింద కూచుంటానా?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయన అడగనూ లేదు, చెప్పనూ లేదు.

ఫిర్యాదు ఇద్దామన్నది ఫిర్దోసే. ఆడది పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే పరువేముంటుందని హజరాబీ రాగాలు తీసింది. ఆ స్టూలు మీద ఇంకా ఆడపిల్లలు కూచుంటున్నారని కోడలు ఒకటే మాట చెప్పి చెప్పులేసుకుంది.

ఎస్సై వెంకటరాముడు ఈశ్వరప్పను పిలిపించాడు. తాను వేపాకు రసం తప్ప ఏదీ పూయలేదని ఈశ్వరప్ప ఒట్టు పెట్టాడు. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టేసరికి మాట మార్చి, మందు మంచిదని చెప్పింది ఆమె మొగుడేనన్నాడు. ఎస్సై ముబారక్ వైపు తిరిగాడు. ముబారక్ ఔను సార్ అన్నాడు, అంతకంటే ఏం అనగలడు?

ఏం చేశాడో చూడాలి కదమ్మా అన్నాడు ఎస్సై, కొంచెం మొహమాటంగా. ఫిర్దోస్ కొంగు వదిలేసింది. అంతమంది మగవాళ్ళ ఎదుట, కిటికీ వెలుతురుకు తిరిగి, నోరు తెరిచి నిలబడింది. నొప్పికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా, ఎస్సై చాలమ్మా అనేదాకా మూయలేదు. ముబారక్ గోడవైపు చూశాడు. ఈశ్వరప్పను లోపల కూర్చోబెట్టారు, అతని సీసాలు తేవడానికి మనుషులు బయల్దేరారు.

బయటికి వస్తుంటే వాకిట్లో కానిస్టేబుల్ ముబారక్‌ను ఆపి, తమ ఇంట్లో పాత ఇత్తడి బిందె ఉందని, కళాయి పెడతావా అని అడిగాడు. ముబారక్ హడలిపోయి రెండు చేతులూ జోడించాడు.

"యాసిడ్ లేకుండానే పెడతా సార్."

ఫిర్దోస్‌కు నవ్వు పొంగుకొచ్చింది. కొంగు సంగతే గుర్తులేదు. నోరంతా తెరిచి, నడివీధిలో, మొగుడి మొహంలోకి చూస్తూ నవ్వింది. ముబారక్ ఊపిరి బిగబట్టాడు. ఆషాఢమాసపు గాలి రయ్యిమని వీధిలోకి తిరిగింది. ఆమె అబ్బా అని రెండు చేతులతో నోరు మూసుకుంది.

ముబారక్ గబగబా అటుపక్కకు వెళ్ళి, గాలికి తన వీపు అడ్డం పెట్టి, ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఇప్పుడు తగల్దులే. ఇంగొక్కసారి నవ్వు" అన్నాడు.

ఫిర్దోస్ చేతులు తీయకుండానే తల అడ్డంగా ఆడించింది.

"నవ్వల్లని నాకూ ఉండాది," అంది. "నొప్పి ఓర్చుకోలేను."